అకాడియన్ ఇంటి గుర్తుగా బొంత కుట్టాలంటే: నక్షత్రమా, పేర్లా, కట్టల నేలా, పాత బట్టలా?

మా అమ్మాయికి ఏడో నెల వచ్చినప్పుడు వియ్యపురాలు నన్ను వాళ్ళ మేడ మీద గదిలోకి తీసుకెళ్ళి ఒక చెక్కపెట్టె తెరిచారు. అందులో వాళ్ళ మామగారి ఉన్ని చొక్కాలు రెండు, అత్తగారి ఏప్రన్లు, పిండి సంచుల బట్టతో కుట్టిన దిండు గలీబులు ఉన్నాయి. "పుట్టబోయే బిడ్డకి మీరు క్విల్ట్ కుడతానన్నారు కదా, అందులో మా వాళ్ళు కూడా ఉండేలా చూడండి" అన్నారు.

మా అమ్మమ్మ పాత చీరలు పొరలుగా పరిచి, ఇంటి ముందు అరుగు మీద కూర్చుని బొంతలు కుట్టడం చూస్తూ పెరిగాను. అందుకే కుట్టు గురించి భయం లేదు. డిజైన్ దగ్గర మాత్రం రెండు నెలలు ఆగిపోయాను. మా అల్లుడిది కెనడాలో న్యూ బ్రన్స్‌విక్ రాష్ట్రం, మెమ్రామ్‌కూక్ లోయలోని అకాడియన్ కుటుంబం. అకాడియన్లంటే ఇప్పటి కెనడా తూర్పు తీరంలో, ఒకప్పుడు అకాడియా అని పిలిచిన చోట స్థిరపడిన ఫ్రెంచివాళ్ళ సంతతి. ఒకరు జెండా నక్షత్రం పెట్టమన్నారు, ఒకరు వంశవృక్షం అన్నారు, ఇంకొకరు పాత చొక్కాలు కోసి వాడమన్నారు. అన్నీ మంచి సలహాలే, అన్నీ ఒకే బొంతలో పట్టవు. అప్పటి నుంచి ఇప్పటి వరకు ఆ ఇంటి కోసం మూడు కుట్టాను. ఇదే సందేహంలో ఉన్నవాళ్ళ కోసం నాకు తెలిసింది ఇక్కడ రాస్తున్నాను. మీరు అకాడియన్ ఇంట్లో మెట్టిన తెలుగు అమ్మాయైనా, నాలాంటి అత్తగారైనా, స్నేహితుల కోసం కుట్టేవాళ్ళైనా ఇది పనికొస్తుంది.

## డిజైన్ కంటే ముందు తేల్చుకోవాల్సినవి

ఏ అకాడియా? అన్నిటికంటే పెద్ద ప్రశ్న ఇదే. తొందరలో దీన్నే వదిలేస్తాం.

1604లో సెంట్ క్రోయ్ దీవిలో, 1605లో పోర్ట్ రాయల్‌లో ఫ్రెంచివాళ్ళు దిగారు. 1630ల నుంచి కుటుంబాలు స్థిరపడ్డాయి. ఫండీ అఖాతం అంచున ఉప్పు నేలలకి కట్టలు వేసి సాగు చేసుకున్నారు. 1713లో ఉట్రెక్ట్ ఒప్పందంతో ఆ నేల బ్రిటన్ చేతికి పోయింది. 1755లో లెఫ్టినెంట్ గవర్నర్ చార్లెస్ లారెన్స్ హయాంలో వాళ్ళని ఓడలెక్కించి వెళ్ళగొట్టడం మొదలైంది. ఆ ఏడు సెప్టెంబర్ 5న గ్రాన్-ప్రే చర్చిలో మగవాళ్ళని, మగపిల్లల్ని లోపలికి పిలిచి ఆ ఉత్తర్వు చదివి వినిపించారు. అకాడియన్లు దాన్ని 'ల గ్రాన్ దెరాంజ్‌మాన్' అంటారు. 1763 దాకా సాగిన ఆ పనిలో పది వేల మందికి పైగా ఊళ్ళు పోగొట్టుకున్నారు.

అక్కడి నుంచి ఒక్కో కుటుంబం కథ ఒక్కో దారి. కొందరు మసాచుసెట్స్, మేరీలాండ్, జార్జియా లాంటి చోట్లకి వెళ్ళారు. వర్జీనియా వద్దంటే అక్కడికి పంపినవాళ్ళని ఇంగ్లండ్‌కి తరలించారు. ఇప్పటి ప్రిన్స్ ఎడ్వర్డ్ దీవిలో ఉన్నవాళ్ళని 1758లో ఫ్రాన్స్‌కి పంపారు. ఆ ప్రయాణంలో 'వయొలెట్', 'డ్యూక్ విలియం' అనే ఓడలు మునిగిపోయాయి. కొందరు అడవుల్లో దాక్కుని బతికారు. 1764 తరువాత చిన్న చిన్న గుంపులుగా తిరిగి రానిచ్చారు. కానీ వాళ్ళ పాత పొలాల్లో అప్పటికే వేరేవాళ్ళున్నారు. అందుకే క్లేర్ తీరం, షెటికాంప్, మడవాస్కా లాంటి కొత్త చోట్ల స్థిరపడ్డారు. 1765లో ఒక గుంపు, 1785లో ఫ్రాన్స్ నుంచి ఏడు ఓడల్లో దాదాపు 1,600 మంది ఇప్పటి అమెరికాలోని లూసియానా చేరారు. కేజన్లు అంటే వాళ్ళ సంతానమే.

కాబట్టి "అకాడియన్ క్విల్ట్" అని ఒకే మూస లేదు. మీ ఇంటివాళ్ళు మెమ్రామ్‌కూక్ వాళ్ళా, షెటికాంప్ వాళ్ళా, లూసియానాలోని లాఫయెట్ వాళ్ళా అన్నది తెలియకుండా బట్ట కొనకండి.

పరచడానికా, గోడకా? పిల్లలు నేల మీద ఈడ్చుకు తిరిగే బొంత నెలకి రెండుసార్లు మెషీన్‌లో పడుతుంది. గోడకి వేలాడేది ఏళ్ళ తరబడి ఉతకరు. ఈ ఒక్క తేడాతో బట్ట, కుట్టు అన్నీ మారిపోతాయి.

చేతిలో ఏముంది? పాత బట్టలున్నాయా, కాగితాలున్నాయా, చెప్పగలిగే పెద్దవాళ్ళున్నారా? ఈ మూడిట్లో ఏది ఎక్కువ ఉంటే దాని వైపే మొగ్గండి. ఒకవేళ పెద్దవాళ్ళుంటే ముందు వాళ్ళ దగ్గర కూర్చోండి. బట్టలు, కాగితాలు ఇంకో ఏడాది ఆగుతాయి.

ఎన్ని నెలలు, ఎంత చేయి? రోజూ సాయంత్రం ఒక గంట దొరికేవాళ్ళకి, వారాంతం మాత్రమే దొరికేవాళ్ళకి ఒకే సలహా ఇవ్వలేను. కింద ఒక్కో రకానికి విడిగా చెప్పాను.

## మొదటి దారి: జెండా నక్షత్రం

అకాడియన్ జెండా ఫ్రాన్స్ జెండాలాగే నీలం, తెలుపు, ఎరుపు నిలువు పట్టీలు. నీలం పట్టీ పైభాగంలో పసుపు రంగు నక్షత్రం. 1884లో ప్రిన్స్ ఎడ్వర్డ్ దీవిలోని మిస్కూష్‌లో జరిగిన సభలో దీన్ని స్వీకరించారు. రూపం ఇచ్చింది మార్సెల్-ఫ్రాన్స్వా రిషార్ అనే ఫాదర్, కుట్టింది మారీ బాబినో అనే స్త్రీ. ఆ మొదటి జెండా మాంక్టన్ విశ్వవిద్యాలయంలోని అకాడియన్ మ్యూజియంలో ఉంది. ఒక జాతి జెండా ఒక మనిషి చేతి కుట్టుతో మొదలైందంటే, సూది పట్టే మనకి అంతకంటే దగ్గర మాట ఏముంటుంది!

ఆ నక్షత్రం 'స్టెల్లా మారిస్', అంటే సముద్ర తార. మేరీమాతకి పేరు. దానికి ఐదు కోణాలు. ఇక్కడే చాలామంది పొరపడతారు. క్విల్ట్ పుస్తకాల్లో తేలిగ్గా దొరికే నక్షత్రాలు ఎక్కువగా ఎనిమిది కోణాలవి, ఎందుకంటే చదరాన్ని త్రికోణాలుగా కోస్తే సహజంగా వచ్చేది అదే. 'ల మొయిన్ స్టార్' అనే నమూనా పేరు ఫ్రెంచ్‌లా వినిపిస్తుంది కాబట్టి అది అకాడియన్‌దని అనుకుంటారు. ఆ పేరు లూసియానాతో ముడిపడిన ల మొయిన్ సోదరులది. వాళ్ళు మాంట్రియల్ వాళ్ళు, అకాడియన్లు కారు. ఇంకో సంగతి. నోవా స్కోషియాలో ఎనిమిది కోణాల నక్షత్రం అంటే అక్కడి ఆదివాసులైన మిక్మా ప్రజల గుర్తు గుర్తొస్తుంది. బెడ్‌ఫర్డ్ దగ్గర రాతి మీద చెక్కి ఉన్నది వాళ్ళదే. ఆ నేల వాళ్ళది. వాళ్ళ గుర్తుని మనం తెలియక ఇంకొకరి పేరు మీద పెట్టకూడదు.

ఐదు కోణాల నక్షత్రం కావాలంటే రెండు పద్ధతులు. కాగితం మడిచి నక్షత్రం కోసి, దాన్ని బట్ట మీద పెట్టి గీసి, అతికే పొరతో ఇస్త్రీ చేసి, అంచు చుట్టూ చిన్న కుట్టు వేయడం ఒకటి. రెండోది కాగితం ఆధారంగా ముక్కలు కలిపి కుట్టే పద్ధతి. మొదటిది కొత్తవాళ్ళకి హాయిగా వస్తుంది. ఎక్కువ ఉతికితే అంచులు లేస్తాయి. రెండోది గట్టిగా ఉంటుంది, ఓపిక కావాలి.

లూసియానా కుటుంబమైతే ఈ జెండా వాడొద్దు. వాళ్ళకి వేరే జెండా ఉంది. థామస్ ఆర్సెనో 1965లో రూపొందించారు, 1974లో ఆ రాష్ట్ర శాసనసభ గుర్తించింది. నీలం మీద మూడు వెండి లిల్లీ పువ్వులు ఫ్రాన్స్‌కి, ఎరుపు మీద బంగారు కోట అప్పట్లో ఆ నేలని పాలించిన స్పెయిన్‌కి, తెలుపు మీద బంగారు నక్షత్రం మేరీమాతకి.

ఈ రకంలో అసలు ప్రమాదం రంగు. నేను కుట్టిన మొదటిది ఇదే. ఎర్ర బట్టని ముందు ఉతక్కుండా తెలుపు పక్కన కుట్టేశాను. మొదటి ఉతుకులోనే తెల్ల పట్టీ లేత గులాబీ రంగుకి తిరిగింది. నాలుగు నెలల పని చూసి ఏడుపొచ్చింది. ఎర్ర, ముదురు నీలం బట్టల్ని కోయకముందే వేడి నీళ్ళలో నానబెట్టి, పక్కన తెల్ల గుడ్డ ముక్క వేసి చూడండి. ఆ ముక్క తెల్లగా మిగిలేదాకా ఆ బట్టని వాడొద్దు.

మంచి సంగతి: ఎవరు చూసినా వెంటనే గుర్తుపడతారు. ఆగస్టు 15న, అంటే 1881లో మెమ్రామ్‌కూక్ సభలో ఎంచుకున్న వాళ్ళ జాతీయ దినాన, వరండాలో వేలాడదీస్తే ఆ ఇంటికి పండగ కళ వస్తుంది. మనకీ అదే రోజు జెండా పండగ కావడం నాకు ఎప్పుడూ సంతోషమే. లోటు: ఇది జాతి గురించి చెబుతుంది, మీ ఇంటి గురించి ఏమీ చెప్పదు. పక్కింటివాళ్ళ గోడకి వేలాడదీసినా సరిపోతుంది.

## రెండో దారి: పేర్ల బొంత

ఇది నా మనసుకి దగ్గరైనది కాబట్టి కొంచెం ఎక్కువ చెబుతాను.

అకాడియన్ ఊళ్ళలో ఇంటిపేర్లు కొన్నే. లబ్లాన్, కోర్మియే, లాండ్రీ, బూద్రో, గొదే, రిషార్, మెలాన్సన్, ఆర్సెనో. ఒకే ఊళ్ళో ఒకే పేరుతో ఐదుగురు పియెర్ లబ్లాన్‌లు ఉంటే ఎలా? వాళ్ళు గొలుసు కట్టి పిలుస్తారు. 'పియెర్ ఆ జాన్ ఆ పోల్' అంటే పోల్ కొడుకు జాన్, ఆ జాన్ కొడుకు పియెర్. ఒక్క పిలుపులో మూడు తరాలు. మా వియ్యపురాలు వాళ్ళ నాన్నగారిని ఊళ్ళో ఎలా పిలిచేవారో చెప్పినప్పుడు నాకు వెంటనే అంచు డిజైన్ తోచింది. బొంత నాలుగు అంచుల చుట్టూ ఆ గొలుసు, గొలుసుకుట్టుతోనే.

ఇంకో గొప్ప వీలుంది. పాత ఫ్రెంచ్ చర్చి పుస్తకాల్లో ఆడవాళ్ళని పుట్టింటి పేరుతో రాసేవారు. 1671లో పోర్ట్ రాయల్‌లో తీసిన జనాభా లెక్కలో కూడా భార్యల పుట్టింటి పేర్లున్నాయి, పక్కన పశువులు ఎన్ని, గొర్రెలు ఎన్ని, సాగు నేల ఎంత అని కూడా ఉంది. అందుకని తల్లి వైపు గొలుసు కూడా కట్టొచ్చు. బిడ్డ, బిడ్డ తల్లి లేదా నాన్నమ్మ, ఆమె తల్లి, ఆమె తల్లి. వంశవృక్షాల్లో సాధారణంగా మరుగున పడే పేర్లివి. బొంత కుట్టిన చేతులు వాళ్ళవే కదా, బొంత మీద వాళ్ళ పేర్లే ముందుండాలని నా అభిప్రాయం.

సమాచారం ఎక్కడ? మాంక్టన్ విశ్వవిద్యాలయంలో ఆన్సెల్మ్-షియాసన్ పేరుతో అకాడియన్ అధ్యయన కేంద్రం ఉంది. అక్కడ పనిచేసిన స్టీఫెన్ వైట్ 1999లో అకాడియన్ కుటుంబాల వంశ నిఘంటువు ప్రచురించారు. మొదటి తరాల వరకు అది గట్టి ఆధారం. గ్రాన్-ప్రే చర్చి పుస్తకాల కథ వేరు. వెళ్ళగొట్టినప్పుడు వాళ్ళు ఆ పుస్తకాల్ని వెంట తీసుకెళ్ళారు, అవి చివరికి లూసియానా చేరి, ఇప్పుడు బేటన్ రూజ్ చర్చి భాండాగారంలో ఉన్నాయి. అన్నీ వదిలి ఓడెక్కినవాళ్ళు పెళ్ళిళ్ళు, బాప్తిస్మాల లెక్క వదల్లేదు.

ఒక నియమం పెట్టుకోండి. కాగితం మీద చూసిన పేరే కుట్టండి. ఇంటర్నెట్ వంశవృక్షంలో కనబడిందని కుట్టేస్తే, తప్పని తెలిసినప్పుడు దారం విప్పాలి, బట్ట మీద సూది రంధ్రాలు మిగులుతాయి. సందేహం ఉన్న తరం దగ్గర ఖాళీ గడి వదలండి. తరువాత తెలిసినవాళ్ళు నింపుతారు.

కుట్టు లెక్క: అక్షరం అంగుళం ఎత్తు కంటే తగ్గితే కాడకుట్టులో చదవడం కష్టం. మూడు పోగుల దారం సరిపోతుంది. నాకు ఒక పేరుకి సుమారు ఒకటిన్నర గంట పట్టింది. ముప్పై పేర్లంటే నలభై ఐదు గంటలు, పేర్లకే. చేతికుట్టు రాకపోతే బట్ట ఇంకుతో రాయించి ఇస్త్రీతో పట్టించొచ్చు. అప్పుడు ప్రతి బంధువు తన పేరు తన చేతిరాతతో రాయొచ్చు, దాని అందం దానిది.

పెద్ద కుటుంబ కలయికలకి ఈ రకం బాగా కుదురుతుంది. 1994 నుంచి అయిదేళ్ళకోసారి ప్రపంచ అకాడియన్ మహాసభ జరుగుతోంది, 2024లో నోవా స్కోషియాలోని క్లేర్, ఆర్గైల్‌లలో జరిగింది. అక్కడ ఒక్కో ఇంటిపేరు వాళ్ళు కలుసుకుంటారు. అలాంటి చోటికైతే ఏడాది ముందే ఒక్కో ఇంటికి ఒక్కో చదరం పోస్టులో పంపి, కుట్టించి తెప్పించండి. బట్ట మాత్రం మీరే పంపాలి. ఎవరి బట్ట వాళ్ళు వాడితే ఒకటి సాగుతుంది, ఒకటి కుంచించుకుపోతుంది, కలిపి కుట్టేటప్పుడు మీకు టెన్షన్.

## మూడో దారి: కట్టల నేల

చాలామందికి తోచని దారి ఇది. కొత్తగా నేర్చుకునేవాళ్ళకి నేను మొదట చెప్పేది మాత్రం ఇదే.

ఫండీ అఖాతంలో కొన్ని చోట్ల పోటుకి, పాటుకి మధ్య తేడా 16 మీటర్ల దాకా ఉంటుంది. ఆ అంచున అకాడియన్లు మట్టి, గడ్డి పెళ్ళలతో కట్టలు వేశారు. కట్ట అడుగున తొలిచిన దుంగ పెట్టి, దానిలో ఒక చెక్క తలుపు వేలాడదీశారు. పాటు సమయంలో పొలంలోని వాన నీరు తలుపుని తోసుకుని బయటికి పోతుంది. పోటు వచ్చినప్పుడు సముద్రం నీరు ఆ తలుపుని మూసేస్తుంది. దాని పేరు 'అబ్వాతో'. రెండు మూడేళ్ళలో వానలు ఉప్పుని కడిగేస్తే నేల పంటకొస్తుంది. గ్రాన్-ప్రే దగ్గరి ఆ నేలని 2012లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. కృష్ణా డెల్టాలో కరకట్టలు చూసి పెరిగినదాన్ని, ఆ కట్ట మీద మొదటిసారి నిలబడినప్పుడు కాళ్ళకి తెలిసిన నేలలాగే అనిపించింది.

బొంతలో దీన్ని అడ్డ పట్టీలుగా కుడితే చాలు. పైన బూడిద నీలం ఆకాశం, దాని కింద ఎర్ర గోధుమ రంగు బురద, తరువాత సన్నని ముదురు పట్టీ కట్ట, కింద ఆకుపచ్చ, ఎండుగడ్డి పసుపు పొలాలు. అన్నీ నేరు కుట్లు. పట్టీల వెడల్పు ఒకటి కాకపోయినా నష్టం లేదు, నేల అలాగే ఉంటుంది. పైన అలల్లా కుట్టు వేస్తే పోటు నీరు కనబడుతుంది. కట్ట మధ్యలో ఒక చిన్న గోధుమ రంగు చదరం అబ్వాతో.

దీన్ని చూసి ఎవరూ వెంటనే "అకాడియన్" అనరు. అడిగితే చెప్పాలి. నాకు అదే నచ్చుతుంది. పిల్లలకి పడుకునేముందు చెప్పడానికి ఒక కథ సిద్ధంగా ఉంటుంది, అందులో ఓడలు, ఏడుపులు కాక వాళ్ళ పూర్వీకుల పనితనం ఉంటుంది.

దారి పటం, అంటే వెళ్ళగొట్టిన మార్గాల్ని పటంలా కుట్టడం, దీనికి అక్కలాంటిది. గోడకి చాలా గంభీరంగా ఉంటుంది. కానీ ఆ కుటుంబం ఏ ఓడలో ఎక్కడికి వెళ్ళిందో తెలిసి ఉండాలి. తెలియకపోతే అందరి గీతలూ కలిపి వేయడం సరికాదు. పిల్లల మంచానికైతే ఈ పటం వద్దనే నేను చెబుతాను. జూలై 28న, ఆ బహిష్కరణని స్మరించుకునే రోజున, పెద్దవాళ్ళ గదిలో వేలాడదీయడానికి అది తగినది.

## నాలుగో దారి: పెట్టెలోని పాత బట్టలు

ఇది మన బొంతకి అచ్చంగా చెల్లెలు. అమ్మమ్మ చీర కట్టుకుని పడుకున్నట్టే ఉంటుందని మనం అంటాం కదా, అదే.

అకాడియన్ ఇళ్ళలో గుడ్డ పారేయడం ఉండేది కాదు. గొర్రెల ఉన్ని వడికి నేసుకునేవారు, నార పండించేవారు. చిరిగిన బట్టని పట్టీలుగా చింపి మగ్గం మీద నేసిన దుప్పటిని 'కతలోన్' అంటారు. షెటికాంప్‌లో గోనె గుడ్డ మీద ఉన్ని దారంతో హుక్ పెట్టి అల్లే తివాచీలు పేరు పొందాయి. ఎలిజబెత్ లఫోర్ అనే కళాకారిణి వాటిని మ్యూజియం స్థాయికి తీసుకెళ్ళారు. లూసియానాలో సహజంగానే గోధుమ రంగులో పండే పత్తిని వడికి, నేసి, కూతురి పెళ్ళికి తల్లి దుప్పట్లు ఇచ్చేది. దాన్ని 'లమూర్ ద మమా', అమ్మ ప్రేమ, అంటారు. పొందూరు ఖాదీలో వాడే ఎర్రపత్తి గురించి విన్నవాళ్ళకి ఇది దగ్గరగా తోస్తుంది. ఈ రోజు మనం చూసే చదరాల క్విల్ట్ మాత్రం 19వ శతాబ్దంలో ఉత్తర అమెరికా అంతటా పాకింది. 1755కి ముందటి అకాడియన్ ఇంట్లో ఇలాంటిదే ఉండేదని చెప్పుకోవద్దు. పాత గుడ్డకి కొత్త ప్రాణం పోయడం అనే అలవాటు మాత్రం నిజంగా వాళ్ళది.

పాత బట్ట కోసేముందు మూడు పరీక్షలు చేయండి. వెలుతురుకి ఎదురుగా పట్టి చూడండి, దారాలు పలచబడిన చోట వదిలేయండి. రెండు చేతులతో మెల్లగా లాగండి, చిరిగే శబ్దం వస్తే అది కుట్టుకి ఆగదు. పిడికెడు గుడ్డ తడిపి తెల్ల కాగితం మధ్య నొక్కండి, రంగు దిగుతుందేమో తెలుస్తుంది. బలహీనంగా ఉన్నదానికి వెనక పలచని అతికే పొర పెట్టి ఇస్త్రీ చేస్తే కొంత నిలబడుతుంది. ఉన్ని చొక్కాని నూలుతో కలిపితే ఆ బొంత ఇక మెషీన్‌లో వేడి నీళ్ళకి పనికిరాదు. ఉన్ని ముడుచుకుని పక్క ముక్కల్ని లాగేస్తుంది. అందుకే ఉన్నిని ఉన్నితోనే, విడిగా కుట్టండి.

అన్నిటికంటే ముఖ్యం: ఒక్కటే మిగిలిన వస్తువుని కోయకండి. ఆ పెట్టెలో పిండి సంచి గలీబుల్లో ఒకదాని మీద చేతి అల్లిక అంచు ఉంది. దాన్ని ఫోటో తీసి, ప్రింటర్‌లో పెట్టే బట్ట మీద ముద్రించి, ఆ ముక్కని వాడాను. అసలుది పెట్టెలోనే ఉంది. కత్తెర పెట్టేముందు ఇంట్లో అందరినీ అడగండి. వియ్యపురాలు సరేనన్నా, ఆమె చెల్లెలికి ఆ ఏప్రన్ మీద వేరే జ్ఞాపకం ఉండొచ్చు. మా ఇంట్లో అలాగే జరిగింది. ఆ ఏప్రన్ జేబు ఒక్కటే మాకిచ్చి మిగతాది ఆవిడ ఉంచుకున్నారు. ఇప్పుడు ఆ జేబే బొంత మధ్యలో ఉంది, మనవరాలు అందులో బొమ్మ పిల్లిని దాస్తుంది.

## నాలుగూ పక్కపక్కన

| | నక్షత్రం | పేర్లు | కట్టల నేల | పాత బట్టలు |
|---|---|---|---|---|
| కొత్తవాళ్ళకి | ఫర్వాలేదు | చేతికుట్టు వస్తేనే | చాలా తేలిక | కష్టం |
| సాయంత్రాలు కుడితే, చిన్న సైజుకి | 2 నెలలు | 4 నుంచి 6 నెలలు | 3 వారాలు | 2 నుంచి 3 నెలలు |
| తరచూ ఉతకొచ్చా | రంగు పరీక్ష తరువాత | నూలు దారమైతే | హాయిగా | జాగ్రత్తగా, చల్లనీళ్ళలో |
| చూడగానే తెలుస్తుందా | అవును | చదివితే | చెబితే | ఇంటివాళ్ళకి మాత్రమే |
| ముందు కావాల్సింది | ఏ జెండానో తెలియాలి | ఆధారం ఉన్న పేర్లు | ఊరి నేల ఫోటో | బట్టలు, అందరి అనుమతి |
| ఎక్కడికి బాగుంటుంది | వరండా, గోడ | కుటుంబ కలయిక | పిల్లల గది | మంచం, సోఫా |

## ఎవరికి ఏది

పెద్దవాళ్ళు బతికి ఉండి కథలు చెబుతుంటే పేర్ల బొంత. ఎంత కష్టమైనా సరే. ఆ పిలుపుల గొలుసులు ఏ పుస్తకంలోనూ ఉండవు.

పెద్దవాళ్ళు వెళ్ళిపోయి బట్టలు మిగిలితే నాలుగో దారి. దుఃఖం కొత్తగా ఉన్నప్పుడు కోయొద్దు. ఒక ఏడాది పోనివ్వండి.

బట్టలూ లేక, కాగితాలూ లేక, "మా ముత్తాత అకాడియన్ అట" అన్న మాట ఒక్కటే ఉంటే కట్టల నేల కుట్టండి. ఇంటిపేరు తెలిస్తే చాలు, ఆ పేరు ఏ తీరం నుంచి వచ్చిందో వెతుక్కునే పని కుడుతూనే మొదలవుతుంది. ఇలాంటివాళ్ళు చటుక్కున నక్షత్రం వైపు వెళ్ళడం చూశాను. తప్పేమీ లేదు. కానీ నేల రంగులు వెతకడానికి ఆ ఊరి ఫోటోలు చూస్తారు, పటం తెరుస్తారు, ఎవరికో ఫోన్ చేస్తారు. నక్షత్రానికి ఆ అవసరం రాదు.

రెండు వారాల్లో ఆగస్టు 15 వస్తోందంటే నక్షత్రమే, గోడకి చిన్నది, రెండడుగులు చాలు. ఆ సాయంత్రం గిన్నెలు, గరిటెలు వాయిస్తూ వీధుల్లో 'తింతమార్' ఊరేగింపు వెళుతుంది. బొంత భుజం మీద కప్పుకుని వెళ్ళేవాళ్ళ కోసం కాస్త పెద్దది కుట్టినా మంచిదే.

మాలాగా రెండు వైపులా ఉన్న బిడ్డకైతే పైపొర ఒకరిది, అడుగుపొర ఒకరిది చేయండి. నేను అడుగున మా అమ్మ నూలు చీర వేశాను. రెండు సంప్రదాయాల గుర్తుల్ని ఒకే వైపు కలిపితే రెండూ చిన్నబోతాయి. ఒక చదరంలో నక్షత్రం, పక్క చదరంలో ముగ్గు వేసి చూశాను. బాగాలేదు, విప్పేశాను.

## కొలతలు, పొరలు

60 అంగుళాల వెడల్పు, 72 అంగుళాల పొడవు ఉన్న బొంత సోఫాకి, పిల్లల మంచానికి సరిపోతుంది. 12 అంగుళాల చదరాలైతే అడ్డంగా 5, నిలువుగా 6, మొత్తం 30. కోసేటప్పుడు ప్రతి చదరానికి కుట్టు కోసం అర అంగుళం కలిపి పన్నెండున్నర కోయాలి. అడుగుపొరకి మామూలు వెడల్పు బట్ట దాదాపు 4 గజాలు, చుట్టూ అంచు పట్టీకి అర గజం. మధ్యపొర నూలుదైతే మొదటి ఉతుకులో నూటికి 3 నుంచి 5 వంతులు కుంచించుకుని ముడతలు పడుతుంది, పాత బొంతలా కనబడుతుంది. ఆ ముడతలు నాకిష్టం. ఉన్ని పొర తేలిక, మాంక్టన్ చలికి హాయి, ఉతకడం మాత్రం కష్టం.

ఇంకో మాట తల్లులకి, అమ్మమ్మలకి. ఏడాది లోపు బిడ్డ నిద్రపోయేటప్పుడు ఏ బొంతా మీద కప్పకూడదు, ఊపిరి ఆడకపోయే ప్రమాదం. మొదటి ఏడాది నేల మీద పరిచి ఆడించండి, లేదా గోడకి పెట్టండి.

చివరి పని అడుగున ఒక మూల చిన్న తెల్ల గుడ్డ చీటీ కుట్టడం. ఎవరు కుట్టారు, ఎవరి కోసం, ఏ ఊరు, ఏ సంవత్సరం, ఏ ముక్క ఎవరి బట్టది. మరక పడినా పోని బట్ట ఇంకుతో రాసి, రాశాక ఇస్త్రీ చేయండి. మా బొంత మీద ఫ్రెంచ్ వాక్యం వియ్యపురాలు రాశారు, దాని కింద తెలుగు వాక్యం నేను రాశాను. ఏప్రన్ జేబు ఎవరిదో రాయడానికి ఆమె చెల్లెల్ని పిలిచాం. ఆవిడ వచ్చి తల్లి పుట్టింటి పేరుతో సహా పూర్తి పేరు రాసి, ఇంకు ఆరేదాకా చీటీ పట్టుకుని కూర్చున్నారు.